కళాశాల విద్యార్థి మానసికారోగ్యం – ఒక శాస్త్రం పుట్టుపూర్వోత్తరాలు

1896 మార్చి నెలలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఒక పాఠశాల ఉపాధ్యాయురాలు తన వద్ద చదువుకొంటున్న పద్నాలుగేండ్ల కుర్రవాని విషయం పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం దాకా తీసుకొని వెళ్లింది. ఆమె పేరు మార్గరెట్ మాగ్వైర్. ఆ కుర్రవాడు మందమతి కాడు. కాని స్పెల్లింగు మాత్రం ఎంత నేర్పినా పట్టుబడటం లేదు. తెలుగులో మనం పలికినదానినే ఇంచుమించుగా వ్రాస్తాము గనుక ఈ బాధ మన పిల్లలకు తెలుగు తరగతిలో అంతగా ఉండదు. ఇంగ్లీషు తరగతిలో చెవి మెలిపెట్టించుకొన్నవారికి మాత్రం దానిని వివరించి చెప్పనక్కరలేదు.

మాగ్వైర్ ఆ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర పాఠాలు వింటూ ఉండేది. పాఠం చెప్పే ఆచార్యుడు లైట్నర్ విట్మర్‌కు అప్పటికి 28 ఏండ్లు. ఆయన జర్మనీలో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో విల్హెల్మ్ వుంట్ వద్ద పరిశోధన చేసి, 1892లో డాక్టరు పట్టం పొంది వచ్చినవాడు. దీపం వెలగగానే మనిషి మీట నొక్కటానికి ఎంత కాలం పడుతుందో లెక్కించటం, రంగులలోని తేడాను కన్ను ఏ మేరకు పట్టగలదో కొలవటం ఆనాటి ప్రయోగశాలల్లోని పని. మాగ్వైర్ అడిగిన ప్రశ్న వేరు. మనస్సును గురించిన శాస్త్రం ఒకటి ఉన్నప్పుడు, ఈ ఒక్క పిల్లవాని ఇబ్బందికి అది ఏమైనా పనికివస్తుందా అన్నది ఆమె సందేహం.

పుస్తకాలలో దీనికి జవాబు దొరకలేదని విట్మర్ తరువాత ఒప్పుకొన్నాడు. అయినా ఆయన పిల్లవాణ్ణి పంపివేయలేదు. పరీక్షించి చూస్తే మొదట బయటపడినది కంటిలోని దోషం. అక్షరాలు వానికి రెండు రెండుగా కనిపించేవి. అద్దాలు పెట్టించారు. కాని అద్దాలతోనే పని తీరలేదు. అన్ని సంవత్సరాలు తప్పుగా చూసి తప్పుగా గుర్తుపెట్టుకొన్న మాటలను మళ్లీ మొదటినుంచి నేర్పవలసి వచ్చినది. ఓపికగా నేర్పితే కొంతవరకు గుణం కనిపించినది. ఆ ఏడాదే విట్మర్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ చికిత్సాలయం ఒకటి నెలకొల్పాడు. ప్రపంచంలో ఈ జాతిది ఇదే మొదటిదని చరిత్రకారులు సాధారణంగా అంగీకరిస్తారు.

కళాశాల విద్యార్థుల మానసికారోగ్యాన్ని గురించి చెప్పబోతూ స్పెల్లింగు రాని పిల్లవానితో ప్రారంభించటం కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఇందులో గమనించదగిన సంగతి ఒకటున్నది. ఆ పిల్లవాడు వైద్యాలయానికి వచ్చినది జబ్బు పేరు చెప్పుకొని కాదు, చదువు పేరు చెప్పుకొని. అతన్ని గుర్తించినది వైద్యుడు కాదు, ఉపాధ్యాయురాలు. రాబోయే నూరేండ్ల చరిత్రలో విద్యామనస్తత్వశాస్త్రం ఈ దారిని మరచిపోయిన సందర్భాలున్నవి, మళ్లీ కనుగొన్న సందర్భాలున్నవి.

సరిగ్గా అదే రోజులలో, యేల్ కళాశాలలో క్లిఫర్డ్ బీర్స్ అనే యువకుడు చదువుతూ ఉండేవాడు. అతని అన్నకు 1894లో మూర్ఛరోగం వచ్చినది. ఆ జబ్బు తనకు కూడా వస్తుందనే భయం బీర్స్‌ను పట్టుకొన్నది. తరగతిలో నలుగురి ఎదుట లేచి పాఠం అప్పజెప్పే సమయంలోనే అది వస్తుందేమోనని అతని బెదురు. ఆనాటి కళాశాలల్లో రోజూ పాఠం అప్పజెప్పటం తప్పనిసరి. అతడు అధ్యాపకులకు సంగతి చెప్పుకొన్నాడు. వారు మంచివారు, అతన్ని లేపి ప్రశ్నలడగటం మానివేశారు. బీర్స్ 1897లో పట్టభద్రుడైనాడు. మూడేండ్లు తిరగకుండానే జబ్బు ముదిరి, ప్రాణం మీదికి వచ్చి, 1900 నుంచి 1903 వరకు ఆనాడు ఉన్మాదశాలలని పిలిచే ఆస్పత్రులలో గడిపాడు. అక్కడ పడిన బాధలను 1908లో ఒక గ్రంథంగా ప్రకటించాడు. మరుసటి ఏడు, 1909లో, మానసిక ఆరోగ్య పరిరక్షణకు ఒక జాతీయ సంఘం ఏర్పడినది. 'మెంటల్ హైజీన్' అనే మాట లోకంలో వ్యాపించినది ఆ ఉద్యమంతోనే.

ఆ అధ్యాపకులను తప్పుపట్టటానికి నాకు నోరు రావటం లేదు. విద్యార్థి భయపడుతున్నాడంటే నమ్మారు, కనికరించారు. అంతకుమించి వారు చేయగలిగినది కూడా ఏమీ లేదు. 1896లో యేల్‌లో విద్యార్థిని పంపటానికి ఒక గది గాని, ఒక మనిషి గాని లేరు. అప్పజెప్పే పనినుంచి మినహాయింపు పొందిన భయం అతని లోపల అట్లాగే ఉండిపోయినది. భయపడిన పనిని పూర్తిగా తప్పించుకొంటూ పోతే భయం తగ్గకపోగా వేళ్లు తన్నుతుందని ఈనాడు మనస్తత్వశాస్త్రం చెబుతున్నది. ఆనాటికి ఆ విషయం ఎవరికీ స్పష్టంగా తెలియదు.

అటువంటి గది మొదట ఏర్పడినది ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో, 1910లో. మనోవైద్యుడు స్ట్యూవర్ట్ పేటన్ అక్కడ ఒక విషయం గమనించాడు. చదువు మానుకొని పోతున్నవారిలో తెలివిగలవారు చాలామంది ఉన్నారు. వారిని పంపివేస్తున్నది పాఠాల కష్టం కాదు, మనస్సులోని చిక్కులు. వారికోసం ఆయన సలహాలివ్వటం ప్రారంభించాడు. పదేండ్లకు, 1920లో, వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో అటువంటి ఏర్పాటే జరిగినది. బీర్స్ చదివిన యేల్‌లో 1925లో వచ్చినది.

కాని ఇవన్నీ వైద్యులు నడిపిన శాలలు. జబ్బు బాగా ముదిరినవారు, ధైర్యం గలవారు, లేక ఎవరైనా బలవంతాన లాక్కొని వచ్చినవారు మాత్రమే అక్కడికి వెళ్లేవారు. మిగిలినవారి సంగతి చూడవలసిన విద్యామనస్తత్వశాస్త్రజ్ఞుడు ఆ సమయంలో మరొక పనిలో మునిగి ఉన్నాడు. ఆ పని కొలవటం.

ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ బినే, సిమోన్ కలిసి 1905లో బుద్ధిని కొలిచే ప్రశ్నావళిని తయారుచేసిన కథ ఉపాధ్యాయ శిక్షణ పొందినవారందరికీ తెలిసినదే. బినే ఉద్దేశం చాలా మంచిది. వెనుకబడిన పిల్లలెవరో తెలిస్తే వారికి ప్రత్యేకంగా చదువు చెప్పవచ్చునని ఆయన అనుకొన్నాడు. బుద్ధి పుట్టుకతోనే ఇంత అని నిశ్చయమైపోతుందనే వాదాన్ని ఆయన 1909లో తీవ్రంగా ఖండించాడు. 1911లో ఆయన కాలం చేశాడు. ఆ తరువాత కొలబద్ద మిగిలినది, ఉద్దేశం మరుగునపడినది. లండను నగర విద్యాశాఖ 1913లో సిరిల్ బర్ట్‌ను నియమించినది. విద్యాశాఖలో ఉద్యోగం చేసిన మొదటి మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఈయనేనంటారు. ఆయన ముఖ్యమైన పని సాధారణ పాఠశాలకు తగని పిల్లలెవరో తేల్చటం. (1971లో బర్ట్ మరణించిన తరువాత, కవలపిల్లల గురించి ఆయన ప్రకటించిన అంకెల మీద పెద్ద అనుమానాలు వచ్చినవి. కొలతల మనిషి కొలతలే తప్పాయని తేలటం విచిత్రం.) మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం దాదాపు 17 లక్షల మందికి బుద్ధి పరీక్షలు పెట్టినది. 1926లో అదే బాణీలో కళాశాల ప్రవేశపరీక్ష వచ్చినది.

ఈ విధంగా శాస్త్రం విద్యార్థిని చూసి వేసే ప్రశ్నే మారిపోయినది. మాగ్వైర్ అడిగినది "ఇతనికి ఏమి చేస్తే బాగుంటుంది" అని. కొత్త ప్రశ్న "ఇతన్ని ఏ గదిలో కూర్చోబెట్టాలి" అన్నది. మార్కుల వరస ప్రకారం విద్యార్థులను సెక్షన్లుగా విడగొట్టి, పై సెక్షన్‌కు ఒక అధ్యాపకుణ్ణి, కింది సెక్షన్‌కు మరొకరిని పంపే మన ఇంటర్మీడియట్ కళాశాలలు బినే పేరు వినకపోవచ్చును గాని, ఆయన కొలబద్దను తలక్రిందులుగా పట్టుకొన్నవారి బడిలోనే చదువుకొన్నవి.

కొలిచేవారు ఉట్టినే కొలిచి ఊరుకొన్నారనటం కూడా న్యాయం కాదు. అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయంలో 1932లో పరీక్షావిభాగం ఒకటి స్థాపితమైనది. దానిని నడిపిన ఇ. జి. విలియమ్సన్ విద్యార్థిని పిలిపించి, అతని అభిరుచులు, శక్తులు కొలిచి, ఆ కాగితాలు ముందు పెట్టుకొని, నీవు ఫలానా కోర్సు తీసుకో, ఫలానాది వదలిపెట్టు అని సలహా చెప్పే పద్ధతిని శాస్త్రీయంగా రూపొందించాడు. 1939లో ఆయన దీనిపై పుస్తకం వ్రాశాడు. డబ్బు చిక్కులు, ఇంటి గొడవలు, చదివే పద్ధతి తెలియకపోవటం కూడా సలహాదారుడు పట్టించుకోవలసినవేనని ఆయన వాదించాడు. అది పెద్ద ముందడుగే. అయితే మాట్లాడేవాడు సలహాదారుడు, వినేవాడు విద్యార్థి.

1940 డిసెంబరు 11వ తేదీన, సరిగ్గా ఆ మినెసోటా విశ్వవిద్యాలయంలోనే, కార్ల్ రోజర్స్ అనే 38 ఏండ్ల ఆచార్యుడు ఒక ఉపన్యాసమిచ్చాడు. ఆయన అంతకుముందు న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టరులో 12 ఏండ్లు ఇబ్బందుల్లో ఉన్న పిల్లలతో పనిచేసి, అప్పుడప్పుడే ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరినవాడు. సలహా చెప్పటం, నచ్చజెప్పటం, విడమరచి వివరించటం – ఇవి మనం అనుకొన్నంత పనిచేయటం లేదు. తన బాధ ఏమిటో వచ్చినవానికే తెలుసు. అతడు నిర్భయంగా మాట్లాడే వాతావరణం కల్పించి శ్రద్ధగా వింటే, దారి అతడే కనుగొంటాడు – అన్నది ఆ ఉపన్యాస సారాంశం. సలహాల పద్ధతికి పుట్టినిల్లయిన చోట ఈ మాట అనటంతో పెద్ద కలకలం పుట్టినది. తన పద్ధతి పుట్టినరోజు అదేనని రోజర్స్ తరువాత చెప్పుకొన్నాడు. 1942లో ఆయన ప్రకటించిన గ్రంథంలో ఒక వ్యక్తితో జరిగిన ఎనిమిది సంభాషణలు, రికార్డు చేసినవి, ఆదినుంచి అంతం వరకు మాట పొల్లుపోకుండా అచ్చయినవి. విజ్ఞానశాస్త్రం చదువుకొన్న నా బోటివాడికి ఇది రోజర్స్ సిద్ధాంతం కంటే కూడా ముఖ్యంగా తోస్తుంది. తలుపులు మూసుకొని జరిగే పని మొదటిసారి నలుగురూ పరిశీలించి తప్పొప్పులు చెప్పగలిగే వస్తువయినది.

ఆ తరువాత యుద్ధం ముగిసినది. 1944 నాటి చట్టం క్రింద, తిరిగివచ్చిన సైనికులకు చదువు ఖర్చు ప్రభుత్వం భరించినది. 1947లో అమెరికా కళాశాలల్లో చేరినవారిలో దాదాపు సగం మంది వారే. యుద్ధం చూసివచ్చిన పాతికేండ్ల వాణ్ణి పిలిచి, నీ బుద్ధి ఇంత, నీవు ఇది చదువు అని చెబితే వినే రోజులు కావవి. రోజర్స్ 1945లో షికాగో విశ్వవిద్యాలయంలో సలహాకేంద్రం నెలకొల్పాడు. దేశమంతటా విశ్వవిద్యాలయాలలో అటువంటివి వెలసినవి. వచ్చినవాణ్ణి 'రోగి' అనటం మానివేశారు.

వినటం మంచిదే. కాని వేయి మంది చదివే కళాశాలలో ఒక సలహాదారుడు రోజుకు ఎంతమంది మాట వినగలడు? విద్యార్థుల మనస్సును నలిపివేసేది కళాశాలే అయినప్పుడు, ఒక్కొక్కరినే పిలిచి ఓదార్చటం చిల్లు కుండలో నీరు పోయటం వంటిది. విద్యామనస్తత్వశాస్త్రజ్ఞునికి మనోవైద్యుని కంటె వేరైన పని ఒకటి ఉన్నదని తేలినది ఇక్కడనే. ఆ పని పరీక్షలను గురించినది.

1952లో యేల్ విశ్వవిద్యాలయంలోనే – బీర్స్ పాఠం అప్పజెప్పలేక వణికిన చోటనే – జార్జి మాండ్లర్, సేమూర్ సరాసన్ అనే ఇద్దరు విద్యార్థుల పరీక్షాభీతిని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. భయం ఎక్కువగా ఉన్నవారిని, తక్కువగా ఉన్నవారిని వేరుచేసి ఇద్దరికీ ఒకే రకమైన పనులిచ్చారు. మధ్యలో కొందరికి నీవు బాగా చేశావని, కొందరికి సరిగా చేయలేదని చెప్పారు. కొందరికి ఏమీ చెప్పలేదు. భయం తక్కువగలవారు ఏది చెప్పినా పుంజుకొన్నారు. భయం ఎక్కువగలవారికి తిట్టే కాదు, మెప్పు కూడా చెరుపే చేసినది. వారి పని బాగా సాగినది పరీక్ష సంగతి ఎత్తకుండా వదలివేసినప్పుడే.

ఇది ఎందుచేత? 1967లో లీబర్ట్, మోరిస్ అనేవారు పరీక్షాభీతిలో రెండు పాళ్లున్నవని చూపారు. గుండె దడ, చెమట, నోరెండటం ఒక పాలు. "తప్పితే ఏమవుతుంది, నాన్న ఏమంటాడు" అనే ఆలోచనల దండ రెండవ పాలు. మార్కులను తగ్గించేది ముఖ్యంగా ఈ రెండవదే. దీనిని పలకతో పోల్చి చెప్పవచ్చును. లెక్క చేసేటప్పుడు మనస్సు అప్పటికప్పుడు వ్రాసుకొనే పలక చాలా చిన్నది. ఒకేసారి కొద్ది విషయాలే అందులో ఇముడుతవి. ఆ పలకలో సగం భాగం భయం ఆక్రమించుకొంటే, సూత్రం తెలిసి ఉండి కూడా విద్యార్థికి లెక్క వ్రాసే చోటు మిగలదు. బయటికి వచ్చిన తరువాత, చెట్టు క్రింద నిలుచుని, అదే లెక్క నోటితో చెబుతాడు. ఇటువంటి విద్యార్థిని చూడని ఉపాధ్యాయుడు ఉండడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతూ, త్రైమాసిక పరీక్షల మార్కులను హెచ్చు నుంచి తగ్గుకు వరసగా తరగతిలో పైకి చదివేవాణ్ణి. మా గురువులు అట్లాగే చదివేవారు. పౌరుషం పుడుతుందని నా నమ్మకం. పదవ తరగతి వరకు పల్లెలో తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన కుర్రవాడొకడు మొదట్లో ముందు బల్లమీద కూర్చునేవాడు. మొదటి పరీక్ష తరువాత వెనుకకు పోయాడు. రెండవ పరీక్ష తరువాత రావటమే మానుకొన్నాడు. హాజరుపట్టీలో కొన్నివారాలు గైర్హాజరు వేసి, నియమం ప్రకారం పేరు కొట్టివేశాను. సోమరి అనుకొన్నాను. నాలుగేండ్ల తరువాత బస్సులో కనిపించి నమస్కారం పెట్టాడు. మరొక కళాశాలలో చేరి డిగ్రీ పూర్తిచేశాడట. మాటల మీద అడిగాను. "లెక్కలు రాక కాదండీ మాస్టారూ. పేరు ఎప్పుడు వస్తుందా అని ఆ వరస వింటూ కూర్చోవటం నావల్ల కాలేదు" అన్నాడు. అతనికి నామీద కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టినది. మాండ్లర్, సరాసన్‌ల పేర్లు నేను విన్నది ఆ తరువాత.

కళాశాల మొదటి ఏడాదిలో మార్కులు తగ్గటం ఎంత సాధారణమో విద్యార్థికి తెలియదు, తనకొక్కడికే జరిగినదనుకొంటాడు. 1982లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో టిమొతీ విల్సన్, పాట్రిషియా లిన్‌విల్ చేసిన ప్రయోగం దీనిమీదనే. మార్కులు తక్కువై దిగులుపడుతున్న మొదటి సంవత్సరం విద్యార్థులను కొందరిని తీసుకొని, మొదటి ఏడు తక్కువ వచ్చి తరువాత మెరుగుపడటం మామూలేనని అంకెలు చూపారు; పై తరగతులవారు తమ అనుభవం చెప్పుకొన్న చిత్రాలు చూపారు. అంతే, అంతకుమించి ఏమీ లేదు. రెండవ సంవత్సరం ముగిసేసరికి ఇట్లా విన్నవారిలో నూటికి 5 మంది చదువు వదలివెళితే, విననివారిలో 25 మంది వెళ్లిపోయారు. పాల్గొన్నవారు 40 మందే గనుక ఈ అంకెలను మరీ గట్టిగా పట్టుకోరాదు. దీనిమీద విమర్శ కూడా వచ్చినది. అట్లాగే, పరీక్షకు ముందు పది నిమిషాలు తన భయాలను కాగితం మీద వ్రాసుకొంటే మార్కులు పెరుగుతవని 2011లో షికాగోనుంచి వచ్చిన పరిశోధన ఒకటి బాగా ప్రచారమయినది; 2018లో ప్రకటితమైన పునఃపరిశోధనలో ఆ ఫలితం కనిపించలేదు. మనస్సు మీది ప్రయోగాలు రసాయనశాలలోని ప్రయోగాల వలె చేసిన ప్రతిసారీ ఒకే విధంగా తేలవు. ఒకే పరిశోధన చదివి తరగతినంతా మార్చివేయబోయే ఉత్సాహవంతులకు ఈ హెచ్చరిక అవసరం.

మన దేశంలోని కథ కొంచెం వేరుగా నడచినది. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1916లో, మైసూరులో 1924లో మనస్తత్వశాస్త్ర విభాగాలు ఏర్పడినవి. 1947లో అలహాబాదులో అప్పటి సంయుక్త రాష్ట్ర ప్రభుత్వం మనోవిజ్ఞానశాల స్థాపించినది. మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన 1952–53లో పనిచేసిన మాధ్యమిక విద్యాసంఘం, ప్రతి విద్యార్థికీ సలహా సహాయం అందాలని, సంవత్సరాంతపు పరీక్ష ఒక్కదానిమీదనే ఆధారపడక విద్యార్థి ప్రగతిని ఏడాది పొడవునా నమోదుచేసే రికార్డు ఉండాలని సూచించినది. 1954లో ఢిల్లీలో కేంద్ర సలహా కార్యాలయం వెలసినది. అదే ఏడాది బెంగుళూరులో అఖిలభారత మానసికారోగ్య సంస్థ ప్రారంభమయినది. 1964–66 నాటి కొఠారీ సంఘం కూడా ఇంచుమించు ఈ సిఫారసులే మళ్లీ చేసినది.

సిఫారసులకు లోటు లేదు. కాని ఆచరణలో సలహా అనగా 'ఏ ఉద్యోగానికి ఏ చదువు' అని చెప్పటంగా కుదించుకొనిపోయినది. పాఠశాలలో ఆ బాధ్యత ఒక ఉపాధ్యాయునికి అదనంగా అప్పగించారు. కళాశాలలో అది కూడా లేదు. విద్యార్థి దిగులు ఇంటి సంగతి. ఇంటివారికి అది పరువు సంగతి.

న్యాయస్థానం కల్పించుకోవలసి వచ్చినది. 2023లో విశాఖపట్నంలో వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుతున్న 17 ఏండ్ల బాలిక మరణించినది. ఆమె తండ్రి పెట్టుకొన్న విన్నపం మీద సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు చెబుతూ, చట్టం వచ్చేవరకు దేశంలోని విద్యాసంస్థలన్నీ పాటించవలసిన 15 సూత్రాలు ప్రకటించినది. నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన సలహాదారుడో, మనస్తత్వశాస్త్రజ్ఞుడో ఒకరైనా ఉండాలి. అంతకు తక్కువైతే బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. బోధకులకు, ఇతర సిబ్బందికి ఏటా రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి బ్యాచిలుగా విడగొట్టటం, నలుగురిలో అవమానించటం సాధ్యమైనంతవరకు మానాలి. ఈ చివరి సూత్రం చదివినప్పుడు నాకు 1909లో బినే వ్రాసిన మాటలూ గుర్తుకు వచ్చినవి, నా మార్కుల జాబితా కూడా గుర్తుకు వచ్చినది.

సహాయ టెలిఫోను సంఖ్యలను తరగతులలో, వసతిగృహాలలో పెద్ద అక్షరాలతో కట్టాలని కూడా ఆ తీర్పులో ఉన్నది. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన 'టెలి మానస్' సంఖ్య 14416. ఏ వేళనైనా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చును. ఉపాధ్యాయులకు ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. బ్రతకాలని లేదన్న మాట విద్యార్థి నోట వినవచ్చినప్పుడు, లేక అటువంటి అనుమానం కలిగినప్పుడు, సూటిగా అడగటంవల్ల లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అడగవచ్చును, అడగాలి. ఆ సమయంలో ఒంటరిగా వదలిపెట్టకుండా, ఇంటివారికి, నిపుణులకు అప్పగించే దాకా వెంట ఉండాలి. రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకూడదు. మందులు అవసరమయ్యే జబ్బు మనోవైద్యుని పని. దానిని గుర్తించి పంపగలగటం విద్యామనస్తత్వశాస్త్రజ్ఞుని పని. రోజూ ఆ ముఖాన్ని చూసే అవకాశం మనది.

ఇప్పుడు నేను పనిచేసే కళాశాలకు కూడా వారానికి రెండు రోజులు ఒక సలహాదారు వస్తున్నారు. ఎం.ఏ. మనస్తత్వశాస్త్రం చదివిన ఆమె. మొదట ఆమెకు ప్రిన్సిపాలు గది ప్రక్కనే గది ఇచ్చారు. గౌరవంగా ఉంటుందని ఉద్దేశం. నెలరోజులపాటు ఒక్కరూ రాలేదు; ఆ వరండాలో ఎవరు ఎక్కడికి వెళుతున్నారో కళాశాల అంతటికీ కనిపిస్తుంది. గ్రంథాలయం వెనుక, పాత పత్రికలు పెట్టే చిన్న గదికి మార్చి, తలుపుమీద 'చదువుకొనే పద్ధతులు – సందేహాలు' అని వ్రాయించమని ఆమే అడిగింది. అప్పటినుంచి వస్తున్నారు. ఎవరెవరో ఆమె చెప్పదు, మేము అడగము. ఎక్కువమంది మొదటిసారి వచ్చేది కర్బన రసాయనం ఎట్లా గుర్తుపెట్టుకోవాలి, ఇంగ్లీషు పాఠ్యపుస్తకం ఎట్లా చదవాలి అని అడగటానికేనని మాత్రం ఒకసారి అన్నది. నిద్ర పట్టటం లేదన్న మాట మూడవసారో, నాలుగవసారో వస్తుందట.